మరిచిపోయిన కుదుళ్ళు

డాక్టర్ ఇందుమతి మెషీన్ ఆన్ చేసింది. కుర్చీలో కూర్చున్న సత్యవేణి గడ్డానికి అడ్డంగా పట్టుకున్న చున్నీని అప్పటికీ వదల్లేదు.

"అది తీస్తేనే గానీ పని మొదలెట్టలేనమ్మా," అంది డాక్టర్.

సత్యవేణి ఏలూరులో చీరల షోరూంలో సేల్స్‌గర్ల్. ఆమె చీర భుజాన వేసుకుని చూపిస్తుంటే, వచ్చినవాళ్ళ కళ్ళు చీర మీద కాక గడ్డం మీది వెంట్రుకల మీద ఆగేవి. ఆనక నడుము దాటిన జడ చూసి, "జుట్టు మాత్రం ఎంత బాగుందో!" అనేవారు. ఆ 'మాత్రం' ఆమెకు గుచ్చుకునేది.

ఆమె చేయని ప్రయత్నం లేదు. థ్రెడింగ్ చేయించుకుంటే వారం తిరక్కుండా మొలిచేవి. క్రీము రాస్తే చర్మం కమిలేది, వాక్సింగ్‌కి కళ్ళనీళ్ళు తిరిగేవి. లేజర్ కొన్నాళ్ళు పలచబరిచింది గానీ హార్మోన్లు ఊరుకోలేదు. సూదితో ఒక్కో కుదురునూ కాల్చే ఎలక్ట్రాలిసిస్ శాశ్వతమేనట. అంత ఓపిక ఎవరికుంటుంది చెప్పండి?

ఇందుమతి వేరే దారి కనిపెట్టింది. వెంట్రుక తీసేసినా, మళ్ళీ మొలవాలని కుదురుకు గుర్తుంటుంది. ఆమె తయారుచేసిన సీరం ఒంట్లో ఉండగా నున్నగా గీస్తే, ఆ చోట కుదుళ్ళు ఆ సంగతే మరిచిపోతాయి. మెషీన్ చేసేదల్లా సీరం ఎక్కించి గడ్డం గీయడం.

"ఏడాదిపాటు ఇది రక్తంలోనే ఉంటుంది. కాళ్ళకీ చేతులకీ ఎక్కడా బ్లేడు తగలనివ్వకు."

"నాకా అలవాటే లేదండీ."

బీపీ అడిగింది, షుగర్ అడిగింది, థైరాయిడ్ అడిగింది. ఆ డాక్టరమ్మకూ పుట్టువెంట్రుకలు కొండ మీదే తీయించారు. అయినా మొక్కులేమైనా ఉన్నాయా అని అడగాలని తట్టలేదు.

నెల గడిచినా గడ్డం మీద ఒక్కటీ మొలవలేదు. సత్యవేణి అద్దం ముందు నవ్వింది, ఏడ్చింది. తలంటుకుని, డ్రైవర్ లేకుండా తనంతట తానే నడిచే బస్సెక్కి ద్వారకా తిరుమల వెళ్ళింది.

చలికాలంలో మళ్ళీ డాక్టర్ దగ్గరికి వచ్చి, తలమీది చున్నీ తీసింది.

"ఎన్నాళ్ళయినా నూగు కూడా రావట్లేదండీ."

ఇందుమతి ఆ నున్నటి తలమీద చెయ్యి వేసి తడిమింది. "బ్లేడు తగలకూడదని చెప్పానుగా తల్లీ!"

"గడ్డం బాగుపడితే తలనీలాలు ఇస్తానని మొక్కుకున్నానండీ. అది స్వామి పని. బ్లేడని నాకనిపించనే లేదు."

"ముందే ఎందుకు చెప్పలేదు?"

"మొక్కు తీరేదాకా పైకి చెప్పకూడదంటారు కదండీ. మళ్ళీ వస్తుంది కదా?"

"మరిపించడమే నేర్చుకున్నానమ్మా. గుర్తుచేయడం నాకు తెలీదు. నన్ను క్షమించు."

సత్యవేణి చాలాసేపు ఏడ్చింది. "మళ్ళీ వస్తుందనే కదండీ అంత ధైర్యంగా ఇచ్చేశాను," అంది చివరికి. "రాదని తెలిస్తే ఇచ్చేదాన్నా? ఆ సంగతి స్వామికీ తెలిసే ఉంటుంది."

లేచి గుమ్మం దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ చున్నీని గడ్డం దాకా తెచ్చుకుంది. అక్కడ దాచుకోవాల్సిందేమీ లేదు. తలమీదికి లాక్కుని మెట్లు దిగింది.