ఎండలో మూసిన టాప్

"మీ బావని ఎత్తుకెళ్ళారు," అన్నాడు చీఫ్, ఉపోద్ఘాతమేమీ లేకుండా. "మన సైఫర్ కోడ్స్ అన్నీ ఆయన బుర్రలోనే ఉన్నాయి. విదేశీ ఓడ మధ్యాహ్నం బయల్దేరుతుంది. ఆయన్ని దాంట్లోకి ఎక్కించారంటే మనం దుకాణం కట్టేసుకోవచ్చు. హార్బర్ గేటు దగ్గర ఏజెంట్ వెన్నెలని కలువు."

ముంగిస పళ్ళు నూరాడు. ముంగిస అన్నది డిపార్ట్‌మెంట్ అతనికి పెట్టిన పేరు. బావంటే అతనికి ఒళ్ళుమంటే. కానీ అక్కకి ఏం మొహం చూపిస్తాడు?

అతని రోడ్‌స్టర్ తాతల కాలం నాటిది. రెండు సీట్లు, అద్దాల్లేని తలుపులు. సెల్ఫ్ ఏనాడో చచ్చిపోయింది. ముందు ఇనప హ్యాండిల్ దూర్చి తిప్పితే గానీ ఇంజను లేవదు. "దీన్ని పాత ఇనుము కింద అమ్మెయ్యరా!" అని బావ భోజనాల దగ్గర దెప్పని రోజు లేదు.

హార్బర్ గేటు ముందు ఎర్రటి కొత్త కన్వర్టిబుల్‌లో వెన్నెల ఎదురుచూస్తోంది. ముంగిస పక్కనే ఆపగానే రోడ్‌స్టర్ దగ్గి ఆగిపోయింది.

"ఈ శాల్తీ ఇంకా నడుస్తోందా?" వెక్కిరించింది వెన్నెల. "నా కారు చూడు. బటన్ నొక్కితే చాలు, టాప్ దానంతటదే మడుచుకుని డిక్కీలోకి పోతుంది. సరే, వాళ్ళు ఉత్తరం రోడ్డు పట్టారు. నువ్వు అటు పరిగెత్తు. ఓడ సంగతి నేను చూస్తాను."

ముంగిస హ్యాండిల్ అందుకుని దిగాడు. దిగి, ఆగాడు. హాయైన ఎండ. జుట్టు చెదరకుండా ఆమె తలకి పట్టు స్కార్ఫ్ కట్టుకుంది. టాప్ మాత్రం బిగించి ఉంది. తుంపర పడుతున్నా టాప్ వెయ్యని మనిషి!

"టాప్ తియ్యి," అన్నాడు.

"నీ ఆర్డరేంటి?"

"తియ్యలేవు. అది దిగాల్సిన చోట మా బావ ఉన్నాడు."

ఆమె నవ్వు మాయమైంది. వేలు బటన్ మీదికి వెళ్ళింది. "తియ్యలేననుకున్నావా? డిక్కీలో ఏదైనా ఉంటే టాప్‌ని ఆపే సెన్సర్ ఒకటుంటుంది. దాన్ని పీకేశాను. కదిలావో, ఇనప చట్రం మీ బావ మీద దిగుతుంది. ఆ బుర్ర మాకు దక్కకపోతే మీకూ దక్కదు."

"ఎన్నాళ్ళుగా ఈ వేషం?"

"నీతో మొదటి కాఫీ తాగినప్పటి నుంచి."

ఆ మాట అతనికి నిజంగానే గుచ్చుకుంది. అదే కోపంతో ముందుకి దూకాడు. ఆమె బటన్ నొక్కేసింది.

డిక్కీ మూత లేచింది. లోపల కాళ్ళూ చేతులూ కట్టేసిన బావ, నోట్లో గుడ్డ, గుడ్లు మిటకరిస్తూ. టాప్ మడతపడి చట్రం కిందికి దిగుతోంది. ముంగిస హ్యాండిల్‌ని దాని కీలులోకి బలంకొద్దీ గుచ్చాడు. మోటార్ గీపెట్టింది, హ్యాండిల్ వంగింది, ఫ్యూజ్ కొట్టేసింది. చట్రం బావ ముక్కు మీద బెత్తెడు ఎత్తున ఆగిపోయింది.

వెన్నెల లిప్‌స్టిక్ పిస్టల్ తీసేలోపు ఆ గోలకి పరిగెత్తుకొచ్చిన గేటు గార్డులు ఆమె చేతులు విరిచి పట్టుకున్నారు.

కట్లు విప్పి నోట్లో గుడ్డ తియ్యగానే బావ మొదలుపెట్టాడు. "చూశావురా? దీని డిక్కీలో కూడా మెత్తటి కార్పెట్! నీ డొక్కుకి అసలు డిక్కీయే లేదు."

"అందుకే బావా, దాంట్లో నిన్నెవరూ ఎత్తుకెళ్ళలేరు," అంటూ ముంగిస తన రోడ్‌స్టర్ స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "హ్యాండిల్ వంగిపోయింది. వెనక్కి వెళ్ళి తొయ్యి."