చప్పుడుకు దగ్గరికొచ్చేది

మేం యానాదులం. ఎలుక బొరియల్లో చేతులు పెట్టి బతికినవాళ్లం. వరి కోతలయ్యాక అల్లూరు చుట్టుపక్కల ఏ రైతు పిలిచినా నేనూ నా తమ్ముడు మునెయ్యా పోతాం. ఆ రోజు పిలిచింది రైతు కాదు, రొయ్యల గుంటల శివశంకర్. గుంట కట్టకు బొరియలు పడి నీళ్లు కారిపోతున్నాయట. మధ్యాహ్నం మూడింటికి పోయినాం. తుఫాను మబ్బు కమ్మి అప్పటికే పొద్దుగూకినట్టుంది. ఆకు కదలడం లేదు. కరెంటు పోయి గుంటల్లో నీళ్లు చిలికే ఏరియేటర్లు కూడా ఆగిపోయినాయి.

మా పద్ధతి ఇదీ. మునెయ్య కర్రతో కట్టను కొడుతూ నడుస్తాడు. డొల్ల చప్పుడు వచ్చిన చోట కింద బొరియ ఉన్నట్టు. ఒక్క నోరు వదిలి తక్కినవన్నీ బురదతో మూసేస్తాం. అడుగున చిల్లున్న కుండలో గడ్డి కూరి, నిప్పు పెట్టి, బొరియ నోటికి ఆనించి నేను ఊదుతాను. పొగకు ఎలుకలు సొమ్మసిల్లుతాయి. ఆ తర్వాత చెయ్యి పెట్టి లాగడమే.

ఆ బొరియల దగ్గర ఎలుక పెంటిక ఒక్కటి లేదు. వడ్ల పొట్టు లేదు. నోరు చూస్తే నా తొడంత ఉంది.

"ఇది ఎలుక కాదురా" అన్నాను.

"పందికొక్కులే అక్కా. నీకు ముసలితనానికి కళ్లు పోయినాయి" అని నవ్వినాడు మునెయ్య.

కర్రతో కొట్టినాడు. టక్... టక్... టక్.

కట్ట లోపల ఏదో కదిలింది. ఎలుకైతే ఆ చప్పుడుకు దూరం పోతుంది. పాము పోతుంది. ఉడుము పోతుంది. మనిషంటే భయమున్న ప్రతిదీ పోతుంది. ఇది మట్టిని ఒరుసుకుంటూ సరిగ్గా మా కాళ్ల కిందికి వచ్చింది. వచ్చి ఆగింది.

మునెయ్య కుండ పెట్టమన్నాడు. పెట్టి ఊదినాను. పొగ లోపలికి పోతూనే ఉంది, ఎక్కడా బయటికి రాలేదు. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినాను... అప్పుడు లోపలి నుంచి ఎవరో ఊదినట్టు పొగంతా వెచ్చగా నా మొహాన కొట్టింది. దగ్గుతో కళ్లు మూసుకుపోయినాయి. పొగ వెనక కుళ్లిన గుడ్ల వాసన.

ఆ వాసన నాకు తెలుసు. శివశంకర్ షెడ్డులో అద్దాల పెట్టె వాసన.

అందులో పెంచే జీవాన్ని పోయినేడు మద్రాసు నుంచి తెచ్చినాడు. ఉడుములా ఉంటుంది, ఉడుము కాదు. ఒళ్లంతా నలుపూ తెలుపూ పట్టీలు. ఏ దేశానిదో, పేరు చెప్పినా నా నోరు తిరగలేదు. చెంచాతో అద్దం మీద మూడుసార్లు కొట్టి గుడ్డు చేత్తో పెట్టేవాడు. కుక్కకన్నా నయమని మురిసేవాడు. ఊరంతా వచ్చి ఫోన్లలో ఫోటోలు తీసుకున్నారు. అది బారెడు పెరిగినాక ఒకరోజు పెట్టె ఖాళీగా ఉంది. చచ్చిపోతే పూడ్చేసినా అన్నాడు. ఆ తర్వాతే ఊళ్లో బాతుగుడ్లు మాయమైనాయి. సరుగుడు తోపులో ముంగిసలు కనపడకుండా పోయినాయి. డబ్బున్నవాడు అడవి జీవాన్ని కొంటాడు, మనిషంటే భయం మరిపిస్తాడు, విసుగొస్తే వదిలేస్తాడు. చేతులు పెట్టాల్సింది మాత్రం మేము.

వద్దని చెబుదామని కళ్లు తుడుచుకుని చూస్తే, మునెయ్య అప్పటికే భుజం దాకా చెయ్యి పెట్టేసి ఉన్నాడు.

"తియ్యరా" అన్నాను.

తియ్యలేదు. చెంప కట్టకు ఆనించి, కళ్లు మాత్రం నా వైపు తిప్పినాడు.

"పట్టుకుందక్కా..." గుసగుసగా అన్నాడు. "కొరకలేదు. ఊరికే పట్టుకుంది."

లాగితే బిగిస్తోందట. కదలకుంటే ఊరుకుంటోందట.

గడ్డపార అందుకున్నాను. కట్టకు అవతల నిలువెత్తు నీళ్లు. తవ్వితే కట్ట తెగి వాడి మీదే పడుతుంది. తవ్వకపోతే ఆ చెయ్యి దక్కదు. ఆ కుడిచెయ్యి మీదే మా రెండిళ్లూ బతుకుతున్నాయి.

నేను పెట్టిన అరుపు విని శివశంకర్ పరిగెత్తుకొచ్చినాడు. నీ జంతువే, పిలువు అన్నాను. చచ్చిపోయిందన్నాడు మళ్లీ. అట్లాంటివేవీ నా దగ్గర లేవని ఫారెస్టు వాళ్లకు కాగితం రాసిచ్చి ఉన్నాడు, అదీ వాడి భయం. నేను దొరల గొడ్ల చావిడిలో పుట్టినదాన్ని. వెట్టి వదిలించుకోవడానికి సగం జన్మ పట్టింది. పెద్దమనిషి అబద్ధం నాకు ఎవరూ చెప్పనక్కర్లేదు.

"కేసు సంగతి తర్వాత చూసుకో అబ్బయ్యా" అన్నాను. "పిలుస్తావా, నీ చెయ్యి కూడా అందులో పెట్టమంటావా?"

మునెయ్య మొహం చూసి వాడు మెత్తబడినాడు. షెడ్డులోంచి కంచం, చెంచా, రెండు గుడ్లు తెచ్చినాడు. నలభై అడుగుల దూరాన, కట్ట ఆ చివర కూర్చుని, మేం మూసిన బురద లాగేసి కంచం మీద కొట్టినాడు.

టక్... టక్... టక్.

చాలాసేపు ఏమీ లేదు. తర్వాత ఒక నాలుక. తల. నలుపూ తెలుపూ పట్టీలు. నిలువెత్తు మనిషంత ఒళ్లు మొత్తం బయటికి వచ్చి, వాడి మోకాలి మీద గడ్డం ఆనించి, గుడ్డు మింగింది.

"ఇదేనక్కా" అన్నాడు శివశంకర్. వాడు నన్ను అక్కా అనడం అదే మొదలు. ఏడుస్తున్నాడు. "నేను తెచ్చింది ఇదొక్కటే."

నాకు ప్రాణం లేచొచ్చింది. మునెయ్య పక్కన కూలబడి వాడి వీపు నిమిరినాను. "బయటికొచ్చేసిందిరా. ఇంక తియ్యి."

మునెయ్య కదల్లేదు. వాడి వీపు మంచులా ఉంది. కళ్లు ఆ చివర గుడ్డు తింటున్న దాన్నే చూస్తున్నాయి.

"ఇంకా వదల్లేదక్కా..."

పెదాలు కదిపీ కదపకుండా అన్నాడు.

"నా వేళ్లు... ఒక్కొక్కటే ముడుస్తోంది."