తద్దినం నాటి ముగ్గు

ఆ రోజు అమృత్‌సర్‌లోని ఆ ఇంట్లో ఆరుగురున్నారు. రైల్వే కంట్రోలర్ భానుమూర్తి, అతని తల్లి సంపూర్ణమ్మ, భార్య రమాసుందరి, ముందురోజే ఢిల్లీ నుంచి వచ్చి దిగిన పురోహితుడు, పోయినవాళ్ళ తరఫున భోంచేసే ఇద్దరు భోక్తలు. భానుమూర్తి తండ్రిగారి తద్దినం. మేడమీద గదిలో అద్దెకుంటున్న మార్త ఏడో మనిషి. ఆమె నర్సని వాళ్ళనుకుంటున్నారు. ఢిల్లీ ఫైళ్ళలో ఆమె పేరు ఏజెంట్ థర్టీవన్.

1971 నవంబరు. యుద్ధం నేడో రేపో అన్నట్టుంది.

జూలైలో, బెజవాడ స్టేషన్ వెయిటింగ్ రూమ్‌లో, చీఫ్ రెండు నిమిషాల్లో బ్రీఫింగ్ ముగించాడు.

"మిలిటరీ రైళ్ళ టైమింగ్స్ బోర్డర్ దాటుతున్నాయి. లీక్ ఆ ఇంట్లోంచే. ఎవరు? ఎలా? అది నీ పని."

"నేనే ఎందుకు సార్?"

"వాళ్ళది పామర్రు. నీది చల్లపల్లి. పరాయి ఊళ్ళో తెలుగు మాట వింటే ఎవరైనా కరిగిపోతారు."

అలాగే జరిగింది. అక్కడ సన్నబియ్యం ఏ కొట్లో దొరుకుతాయో, ఆ చలికి రజాయి ఎలా కప్పుకోవాలో మార్తకి సంపూర్ణమ్మే నేర్పింది. "ఒక్కదానివి ఏం వండుకుంటావే పిల్లా!" అంటూ మెట్లమీద పప్పుగిన్నె పెట్టి పిలిచేది. మార్త ఆ పప్పన్నం తినేది. వాళ్ళు గుడికి వెళ్ళగానే వాళ్ళ బీరువా వెతికేది. మర్నాడు కడిగిన గిన్నె తెచ్చి మెట్లమీద పెట్టేది.

నాలుగు నెలలు. ట్రాన్స్‌మిటర్ దొరకలేదు. మార్త లిప్‌స్టిక్‌లో దాచిన కెమెరాకి పనే పడలేదు. నల్లకళ్ళద్దాలతో సినిమాతారలా తిరిగే రమాసుందరి మీద అనుమానమే కానీ ఆధారం లేదు.

ఆ రోజు నైట్ డ్యూటీ దిగి, ఆస్పత్రిలో పనులు ముగించుకుని, పన్నెండుంబావుకి ఇల్లు చేరిన మార్త వాకిట్లో ఠక్కున ఆగిపోయింది.

ముగ్గు!

తద్దినం రోజున వాకిట్లో ముగ్గు వెయ్యరు. క్రైస్తవురాలైనా, చల్లపల్లిలో పెరిగిన మార్తకి ఆ సంగతి తెలుసు. రోజూ ముగ్గు వేసే రమాసుందరికి తెలియదా? తెలిసీ వేసిందంటే, వెయ్యక తప్పని అవసరం ఉందన్నమాట. రోజూ పొద్దున్నే బెల్ కొట్టుకుంటూ ఈ వీధిన పోయే సైకిలువాడు మార్తకి గుర్తొచ్చాడు. ముగ్గు చదివేది వాడే!

చుక్కలు లెక్కపెట్టింది. నిలువుగా పన్నెండు. అడ్డంగా నాలుగు.

పన్నెండు గంటలు, నాలుగు పదుల నిమిషాలు. పన్నెండూ నలభై! మందుగుండుతో, మూడువందలమంది జవాన్లతో స్పెషల్ రైలు నది వంతెన ఎక్కే టైమ్ అదేనని చీఫ్ ముందురోజే కబురు పంపాడు. ఆ నిమిషమే వాళ్ళకి కావాలంటే, వంతెన కింద బాంబు పెట్టారన్నమాట.

ఢిల్లీకి ట్రంక్ కాల్ దొరకాలంటే గంట. హాల్లో రైల్వే కంట్రోల్ ఫోనుంది. కానీ భానుమూర్తి గొంతు వింటే తప్ప ఏ స్టేషన్ మాస్టరూ రైలు ఆపడు. ఆ భానుమూర్తి జంధ్యం కుడిభుజం మీదికి మార్చుకుని, తడిబట్టలతో కూర్చుని ఉన్నాడు. భోక్తల ముందు విస్తళ్ళలో వడ్డన అయిపోయింది.

మార్త చెప్పులతోనే లోపలికి దూకి అతని చెయ్యి పట్టి లాగింది.

"అయ్యయ్యో, మడి!" సంపూర్ణమ్మ కేక పెట్టింది. భోక్తలు విస్తళ్ళ ముందునుంచి లేచిపోయారు.

"భానుమూర్తిగారూ, లేవండి! ట్వెల్వ్ ఫార్టీ స్పెషల్ ఆపండి! వంతెన కింద బాంబుంది!"

"నీకెలా... అసలు ఎవరు నువ్వు?"

మార్త ఐడెంటిటీ కార్డు అతని మొహం ముందు పెట్టింది. "ముందు ఫోనండీ!"

పన్నెండూ ముప్ఫై ఎనిమిదికి, వంతెనకి మైలు దూరంలో రైలు ఆగింది. రెండు నిమిషాల తర్వాత వంతెన ఒక్కటే పేలింది.

రమాసుందరి వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. పారిపోలేదు.

"మా తమ్ముడు బోర్డర్ అవతలివాళ్ళ చేతుల్లో ఉన్నాడు మార్తా," అంది మెల్లగా. "ఇదే ఆఖరిదన్నారు."

మార్త బేడీలు తీసింది.

యుద్ధం ముగిసింది. కొడుకుతో కలిసి సంపూర్ణమ్మ బెజవాడ వచ్చేసిందని ఫిబ్రవరిలో తెలిసింది. "మన డిపార్ట్‌మెంట్‌లో సారీ అనే ఫారం లేదు," అన్నాడు చీఫ్. అయినా మార్త సత్యనారాయణపురంలోని వాళ్ళింటికి వెళ్ళింది.

సంపూర్ణమ్మ తలుపు సగమే తీసింది. బాగా చిక్కిపోయింది.

"మామ్మగారూ, నేను..."

"తెలుసు. మూడువందలమంది బిడ్డల్ని కాపాడావు. మంచిపనే చేశావు. నా కోడలు చేసింది తప్పే, కాదనను."

"మరి నామీద కోపం..."

"భోక్తలు ఒక్క ముద్దైనా నోట్లో పెట్టుకోలేదే పిల్లా! మావారు ఏడాదికోసారి వచ్చే మనిషి. ఊరు కాని ఊరు వెతుక్కుంటూ వచ్చి, ఆకలితో వెళ్ళిపోయారు."

తలుపు మూసుకుంది. లోపల గడియ పడింది.

ఏజెంట్ థర్టీవన్ ఎలాంటి తాళమైనా నలభై సెకన్లలో తీయగలదు. ఈ తలుపుకి తాళమే లేదు.