నాలుగు మిల్లీమీటర్ల కిరణం

"ఈసారి చంపే పని కాదు. బతికించే పని," అన్నాడు పెద్దాయన.

మాస్టారు ఫైలు తెరిచాడు. మొదటి పేజీలోని ఫోటో చూసి మూసేశాడు.

"వీణ్నా?"

"వీణ్నే."

ఫోటోలో ఉన్నవాణ్ని డిపార్ట్‌మెంట్‌లో అందరూ గుమాస్తా అంటారు. సరిహద్దు అవతలి గూఢచారి ముఠాకి పదకొండేళ్లు కాగితాలు రాసిపెట్టాడు. మూడేళ్ల క్రితం వాడు రాసిన ఒక లిస్టుతో నలుగురు ఏజెంట్లు దొరికిపోయారు. నాలుగోవాడు మాస్టారి తమ్ముడు. శవం కూడా ఇంటికి రాలేదు.

"వాడి తలలో కణితి. వైద్యం చేయిస్తే మనలో ఉన్న ద్రోహి ఎవరో పట్టిస్తానని వచ్చి లొంగిపోయాడు. రేపు పొద్దున పదింటికి రేడియోసర్జరీ. కత్తి పెట్టకుండా కిరణాలతోనే కణితిని కాల్చేస్తారట. అది అయ్యాకే నోరు విప్పుతాడు. ఈలోపు ఆసుపత్రి లాబీలో వాణ్ని కాల్చేస్తారని ముఠాలో ఉన్న మన మనిషి దొరసాని కబురు పంపింది. మనవాళ్లందర్నీ అక్కడే దింపుతున్నా."

"మరి నేనెందుకు?"

"మెషిన్ దగ్గర ఒకడుండాలి. నీకు ఫిజిక్స్ వచ్చు. క్వాలిటీ ఇన్‌స్పెక్టర్‌గా వెళ్తావు."

మాస్టారు ఈ ఉద్యోగంలోకి రాకముందు పద్నాలుగేళ్లు కాలేజీలో ఫిజిక్స్ చెప్పాడు. ఆ పేరు అలా వచ్చిందే.

"వాడు చస్తే నాకు ఒక పూట అన్నం ఎక్కువ సహిస్తుంది సార్."

"తెలుసు. అందుకే ఇంకెవర్నీ పంపట్లేదు. వాణ్ని నీ అంత జాగ్రత్తగా ఎవడూ చూడడు."

మర్నాడు ఏడున్నరకి మాస్టారు ఆసుపత్రి బేస్‌మెంట్‌లోకి దిగాడు. జుట్టుకు తెల్లరంగు, మందపాటి కళ్లద్దాలు, బూడిదరంగు కోటు, మెడలో ఇన్‌స్పెక్టర్ కార్డు. కిటికీల్లేని గది. మూరెడు మందం తలుపు. మధ్యలో మెడ వంచి చూస్తున్నట్టు నిలబడ్డ తెల్లటి మెషిన్. దాని పక్కనే పట్టు స్కార్ఫ్, ఎత్తు చెప్పులు, మనిషికంటే ముందు వచ్చి పలకరించే సెంటు. దొరసాని.

"ఇన్‌స్పెక్టర్ గారూ, లిఫ్ట్‌లో వచ్చారా, మెట్లు దిగారా?"

"మోకాళ్ల నొప్పి. అందుకని మెట్లే దిగాను."

కోడ్ కలిసింది. ఆవిడ గొంతు తగ్గించింది. "బాగా చిక్కిపోయారు బావగారూ."

మెషిన్ కంపెనీలో ఆవిడ ఇంజనీర్. ముఠా ఆవిణ్ని తమ మనిషి అనుకుంటోంది. నిజానికి డిపార్ట్‌మెంట్ మనిషి. తమ్ముడితో ఆవిడ పెళ్లి నిశ్చయమై, నెలరోజులుందనగా వాడు పోయాడు. అయినా బావగారూ అని పిలవడం మానలేదు. ఆ పిలుపు విన్నప్పుడల్లా మాస్టారికి గుండెలో ముల్లు కదిలినట్టుంటుంది.

చెక్ మొదలైంది. పేషెంట్ తలకు బదులు బల్లమీద ప్లాస్టిక్ దిమ్మె. దాని మధ్యలో కిరణాన్ని కొలిచే ప్రోబ్‌ని దొరసానే అమర్చింది. కిరణం వెడల్పు నాలుగు మిల్లీమీటర్లు, బియ్యపు గింజకంటే చిన్నది. మెషిన్ గుర్రుమంది. స్క్రీన్ మీద రీడింగ్: నూటికి నూరు పాయింట్ రెండు.

"పాస్," అంది దొరసాని, ఫారం ముందుకు జరుపుతూ.

మాస్టారు సంతకం పెట్టాడు. కానీ దిమ్మె పలకల మధ్య అంతకుముందే తన విజిటింగ్ కార్డు ఒకటి దూర్చాడు. డిపార్ట్‌మెంట్ ల్యాబ్ తయారీ. చూడ్డానికి కార్డే, లోపల ఫిల్మ్. కిరణం ఎంత తగిలితే అంత నీలంగా మారుతుంది, కాస్త ఆలస్యంగా. అనుమానం ఉండి కాదు. ఒక లెక్కని రెండు దారుల్లో చేసి చూడందే ఆయనకి తోచదు.

పదింటికి గుమాస్తాని చక్రాల కుర్చీలో తెచ్చారు. మనిషి సగమయ్యాడు. వాడి మొహం మీద వలలాంటి ప్లాస్టిక్ మాస్కు పెట్టి బల్లకి బిగించారు.

"సార్, ఇది సరిగ్గా తగుల్తుందా?" మాస్కులోంచి అడిగాడు.

"తగుల్తుంది," అన్నాడు మాస్టారు. ఆ ఒక్క మాట అనడానికి పళ్లు బిగపట్టాల్సి వచ్చింది.

గుమాస్తాని లోపలే ఉంచి అందరూ బయటికొచ్చాక తలుపు మూసుకుంది. డాక్టర్ ప్లాన్ మీద సంతకం చేసి పక్క గదిలో ఫోన్ ఎత్తాడు. స్కాన్ కాపీ కావాలంటూ దొరసాని టెక్నీషియన్‌ని పైకి పంపింది. కన్సోల్ ముందు ఇద్దరే మిగిలారు. ఆవిడ తాళం తిప్పింది. బజర్ మోగింది. స్క్రీన్ మీద ముప్పై నుంచి అంకెలు తగ్గుతున్నాయి. సున్నాకి రాగానే కిరణం మొదలవుతుంది.

చెక్ అయ్యాక దిమ్మెలోంచి లాగి జేబులో వేసుకున్న కార్డుని మాస్టారు బయటికి తీశాడు.

ఆకాశనీలంగా ఉండాలి. సిరా ఒలికినట్టుంది. రెండున్నర రెట్లు!

టేబుల్ మీద దిమ్మె పక్కనే తెచ్చిపెట్టిన ప్రోబ్‌ని చూశాడు. లేబుల్ సన్న ప్రోబ్‌ది. ఒళ్లు మాత్రం చిక్కుడు గింజంత. అంత లావు ప్రోబ్‌లో సగంపైగా కిరణానికి బయటే ఉంటుంది. రీడింగ్ తక్కువొస్తుంది. కిరణం చాల్లేదనుకుని మెషిన్‌ని పెంచుతారు. పెంచాక అదే దొంగ ప్రోబ్‌తో కొలిస్తే అన్నీ పాస్. షూటర్ లాబీలో లేడు. బల్లమీదకి వంగి నిలబడ్డ ఆ మెషినే షూటర్.

"పంతొమ్మిది," అంది దొరసాని నెమ్మదిగా. "చూశారన్నమాట."

"ఎందుకు?"

"మీ తమ్ముడి కోసం. వాణ్ని చంపించిన లిస్టు రాసింది లోపలున్న ఆ చేతులే బావగారూ. మీరు ఏమీ చెయ్యక్కర్లేదు. ఊరికే నిలబడండి చాలు. మెషిన్ పొరపాటంటారు. నన్నూ అనరు, మిమ్మల్నీ అనరు."

పద్నాలుగు. పదమూడు.

ఎర్రటి స్టాప్ బటన్ మోచేతి పక్కనే ఉంది. మాస్టారు కదల్లేదు. మానిటర్‌లో గుమాస్తా పాదాలు వణుకుతున్నాయి. తమ్ముడి పాదాలు ఆఖరికి ఎలా ఉన్నాయో ఆయన చూడలేదు. ఎనిమిది. ఏడు. ఊరికే నిలబడటం ఎంత తేలికో! ఐదు. ఫారం మీద తన సంతకం కనిపించింది. తప్పు లెక్కకి టిక్కు పెట్టి ఎరగడు. ఆఖరికి తమ్ముడి పరీక్ష పేపర్లో కూడా పెట్టలేదు. మూడు. రెండు.

కొట్టాడు.

బజర్ ఆగిపోయింది. క్షమించినట్టేమీ అనిపించలేదు. నోరంతా చేదుగా ఉంది.

లోపలి గదికి మాట వినిపించే మైక్ తెరిచే ఉందని అప్పుడు తెలిసింది. లోపల్నుంచి గుమాస్తా గొంతు, వణుకుతూ:

"సార్... బయట మాట్లాడింది ఎవరు సార్? ఆ గొంతే! ఆ రోజు ఫోన్‌లో నాలుగు పేర్లూ చదివింది ఆవిడే. నేను రాసుకున్నానంతే. పేరు నాకూ తెలీదు సార్, గొంతే తెలుసు."

మాస్టారు తల తిప్పాడు. దొరసాని మొహంలో దుఃఖం ఎవరో గుడ్డతో తుడిచేసినట్టు పోయింది.

"నాలుగో పేరు చదివేటప్పుడు..." అన్నాడాయన.

"అన్నీ ఒకలాగే చదివాను," అంటూ హ్యాండ్‌బ్యాగ్‌లో చెయ్యి పెట్టింది.

ఆయన బరువైన ప్లాస్టిక్ దిమ్మెని ఆ చేతిమీదికి విసిరాడు. పిస్తోలు కింద పడింది. కాలర్ మైక్‌లో పిలిచాడు. లాబీలోని వాళ్లు మెట్లు దిగి వచ్చేదాకా ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

మధ్యాహ్నం వేరే ప్రోబ్ తెప్పించి మెషిన్‌ని మాస్టారే దగ్గరుండి సరిచేయించాడు. కిరణం సరిగ్గా వాడి కణితికే, వెంట్రుకవాసి తేడా లేకుండా తగిలేలా చూశాడు. కాల్చడం అయ్యాక గుమాస్తా తల వంచుకుని వెళ్లిపోయాడు.

వారం తర్వాత పెద్దాయన ఒక కాగితం ముందుకు తోశాడు. ఆసుపత్రి ఫిర్యాదుల విభాగం పంపింది. ఇన్‌స్పెక్టర్ అలసత్వం వల్ల పేషెంట్ మాస్కుతో పావుగంట బిగుసుకుని పడి ఉండాల్సి వచ్చిందట. చర్య తీసుకోవాలట.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి. కింద గుమాస్తా సంతకం.