అద్దానికి అటూ ఇటూ

గుంటూరులో ఆ కాలేజీ వెనకే మిర్చి కోల్డ్ స్టోరేజీ. ఎండాకాలం వచ్చిందంటే ఫిజిక్స్ ల్యాబ్‌లో కూడా ఘాటే. తుమ్ముతూనే పాఠం చెప్పడం శశిభూషణ్ సారుకి అలవాటు.

ఆ సాయంత్రం ఎమ్మెస్సీ చదివే మహిమతో కలిసి చీకటి గదిలో కూర్చున్నాడు. లేజర్ కాంతిని బాగా తగ్గించి, ఒక్కో కణాన్నీ సగం పూత ఉన్న అద్దం మీదికి పంపే ప్రయోగం. కణం అద్దాన్ని దాటితే ఎదురుగా ఉన్న పరికరం టిక్కుమంటుంది. పక్కకి మళ్లితే రెండోది. ఎటైనా సగానికి సగం అవకాశం.

“ఎటు పోతుందో మనకి తెలీదా సార్, దానికే తెలీదా?” అంది మహిమ.

“దానికే తెలీదమ్మా. టిక్కుమనేదాకా రెండు దారులూ ఉన్నట్టే. ఆ తర్వాత ఒకటే.”

“మరి రెండోది ఏమవుతుంది?”

“దాని మీదే పెద్దపెద్దవాళ్లు ఇంకా కొట్టుకుంటున్నారు,” అని నవ్వి లేజర్ ఆపేశాడు.

ఆపాక కూడా అడపాదడపా ఒక టిక్కు మోగడం మామూలే. కానీ రెండూ ఒకేసారి మోగాయి. మళ్లీ ఒకేసారి. మళ్లీ...

“సార్... మన వెనక ఎవరో ఊపిరి తీసుకుంటున్నారు,” అంది మహిమ.

ఆయనకీ తెలుస్తోంది. చల్లగా... మెడ మీద.

లేచాడు. పరిగెత్తాడు. బయటికొచ్చి తలుపు లాగి గడియ పెట్టేశాడు. లోపల అమ్మాయి ఉందన్న సంగతి... పెట్టాకే గుర్తొచ్చింది.

“సార్!” ఒక్క కేక. తర్వాత ఏమీ లేదు.

గడియ మీద చెయ్యి అలాగే ఉండిపోయింది. తియ్యలేకపోయాడు. ఎవరైనా చూశారేమోనని వరండా అంతా కలియజూశాడు. ఎవరూ లేరు. హమ్మయ్య అనుకున్నాడు. అలా అనుకున్నందుకు సిగ్గుతో ఒళ్లంతా కుంచించుకుపోయింది. కళ్లు గట్టిగా మూసుకుని గడియ తీశాడు.

మహిమ నింపాదిగా బయటికొచ్చింది. ఆయన్ని చూసి ఆగిపోయింది.

“మీరు ఎప్పుడొచ్చారు సార్ బయటికి? ఇప్పటిదాకా నా చెయ్యి పట్టుకునే ఉన్నారుగా... భయపడకమ్మా, నేనున్నాగా అంటూ. మీరు లేకపోతే గుండాగి చచ్చేదాన్ని సార్.”

అది నేను కాదు అని చెప్పాలి. నోటిదాకా వచ్చింది.

“పదమ్మా, ఆటో ఎక్కిస్తాను,” అన్నాడు తల వంచుకుని.

తలుపు వెయ్యబోయాడు. అది ఆయన చేతిలోంచి మెల్లగా జారి, తనంతట తనే మూసుకుంది. లోపల గడియ పడిన చప్పుడు...

ఆ తలుపుకి లోపల గడియ లేదు.