తెల్లదోమ పక్కన శవాలు

పాలీహౌస్‌లో కీరా పంట పూర్తిగా పోయింది. ఆకులు పసుపెక్కి, జిగురు కారుతూ వేలాడుతున్నాయి. తీగ కాస్త కదిపితే చాలు, ఆకుల రసం పీల్చే తెల్లదోమ గుప్పున లేస్తోంది.

"దొంగ వీడే సార్," అన్నాడు యజమాని, పక్కన తలవంచుకుని నిలబడ్డ బావమరిదిని చూపిస్తూ. "ఖరీదైన పురుగుమందు బయట అమ్ముకుని, మొక్కలకి నీళ్లు కొట్టాడు. జీపెక్కించండి."

యజమాని భార్య ముఖం పాలిపోయింది. జీపెక్కబోయేది ఆమె తమ్ముడు మరి. పంట పోతే ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి, అందుబాటులో ఉన్నది బావమరిదే.

ఇన్‌స్పెక్టర్ ఎవరినీ నమ్మే రకం కాదు. తన నీడ కనబడినా ఓసారి ఐడీ కార్డు అడిగే మనిషి.

"స్టోర్‌రూమ్ తాళం?"

"వీడి దగ్గరే."

"మందు కలిపేదెవరు?"

"వీడొక్కడే."

"అమ్ముతుంటే చూశారా?"

"చూడాలా సార్? నిరుడు ఇదే మందుకి దోమ రాలిపోయింది. ఇప్పుడు చావట్లేదంటే ఏంటర్థం?"

వాదన గట్టిగానే ఉంది. ఇన్‌స్పెక్టర్ బావమరిది వైపు తిరిగాడు. అతను ఇంకా తల ఎత్తలేదు. అది కూడా అనుమానించదగ్గ విషయమే.

"నిన్న ఏం కొట్టావు?"

"రోజూ కొట్టే మందే సార్, ఇంకేం లేదు. మందు మారుద్దామని నెత్తీనోరూ బాదుకున్నాను. బావ వినలేదు, డోసు పెంచమన్నాడు."

"చూశారా? నా మీదికే తోస్తున్నాడు," అన్నాడు యజమాని.

ఇన్‌స్పెక్టర్ ఓ ఆకు తుంచి, వెనక్కి తిప్పి, భూతద్దం పెట్టి చూశాడు. తర్వాత ముగ్గురినీ దగ్గరికి పిలిచాడు.

"ఈ నల్ల చుక్కలేంటి?"

యజమాని తొంగిచూశాడు. "పేనుబంక. అదీ ఓ పురుగే."

"బతికుందా?"

"లేదు, చచ్చింది."

"మందు కొట్టకముందు?"

"బాగానే పాకుతుండేది." యజమాని గొంతు తగ్గింది.

"నీళ్లకి చచ్చిందంటారా?"

ఇన్‌స్పెక్టర్ ఆకుని యజమాని చేతిలో పెట్టాడు.

"మందు అసలుదే. ఈ ఆకు మీద పడింది కూడా. పేనుబంక చచ్చింది, పక్కనున్న తెల్లదోమ చావలేదు. మీరు ఒకే మందు పదేపదే కొట్టించారు. తట్టుకోలేని దోమలు పోయాయి. తట్టుకున్నవి గుడ్లు పెట్టాయి. ఇప్పుడు మీ తోటనిండా ఉన్నది ఆ సంతానమే. బతికినదాన్ని చూసి కేసు పెట్టారు గానీ, పక్కన చచ్చినదాన్ని చూడలేదు."

యజమాని చెమట తుడుచుకున్నాడు. "సరే, పొరపాటైంది. ఇంటికెళ్లాక వాడితో మాట్లాడతాలెండి. మీరు బయల్దేరండి సార్."

"ఉండండి సార్," అంది అతని భార్య. ఆమెకి ఒళ్లు మండిపోతోంది. మొగుడి వైపు తిరిగింది.

"నా తమ్ముణ్ణి పోలీసుల ముందు దొంగన్నారు. దొంగ కాదన్న మాట కూడా వాళ్లుండగానే అనండి."

జీపు తలుపు తీయబోయిన ఇన్‌స్పెక్టర్ వెనక్కి వచ్చి, చేతులు కట్టుకుని నిలబడ్డాడు.