దించొద్దన్న సామాను

"మెత్తనివన్నీ లోపల కుక్కి, బరువులకి తలుపు దగ్గర చోటుంచారా? మొదటి మలుపులోనే మీ కుట్టుమిషన్లు రోడ్డు మీదికి దూకుతాయి మేడమ్!"

అద్దెకు తెచ్చుకున్న ట్రక్కులోకి తొంగిచూసి లోడింగ్ మనిషి అన్న మొదటి మాట అది. టైలరమ్మాయికి ఒళ్ళు మండింది. షాపు మారుస్తున్న హడావిడిలో, పొద్దున్నే లేచి బట్టల మూటలన్నీ తనే ఎక్కించింది మరి.

"సాయం చేస్తే వెక్కిరిస్తారేం?"

"సాయమే. ఇప్పుడివన్నీ నేను దించాలి, అంతే."

పక్కనే ఉన్న వాళ్ళమ్మ పకపకా నవ్వింది. "నేను చెప్తే విన్నదా బాబూ? గుడ్డ కత్తిరించినంత తేలికనుకుంది!"

అతను మూటలు దించాడు. ఆరు మిషన్లనూ ముందు గోడకు ఆనించి తాళ్ళతో బిగించాడు. సందుల్లో మూటలు దూర్చాడు. ఒక్కో వస్తువునూ పసిపిల్లను పడుకోబెట్టినట్టు పెడుతుంటే, ఆమె కోపం ఎప్పుడు కరిగిందో ఆమెకే తెలియలేదు. అయినా నోరు ఊరుకుంటేగా!

"ఆ అద్దం ఇటు తిప్పండి."

తిప్పాడు.

"వద్దులెండి, ముందున్నట్టే బాగుంది."

"ఇది మూడోసారి. అద్దానికి కళ్ళు తిరుగుతున్నాయి మేడమ్."

పని అయిపోయింది. చిక్కంతా అక్కడే వచ్చింది. అతన్ని మాట్లాడుకున్నది ఎక్కించడానికే. దించడానికి కొత్త షాపు దగ్గర వేరే ఇద్దరున్నారు. ఈ తలుపు మూస్తే ఇక అతనెవరో, తనెవరో. 'అక్కడికీ వస్తారా?' అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. అభిమానం అడ్డుపడింది. అతను కూడా ఏదో అనబోయి, "జాగ్రత్తగా నడపండి" అని ఊరుకున్నాడు.

కొత్త షాపు ముందు దించేవాళ్ళిద్దరూ సిద్ధంగా ఉన్నారు. ఆమె ట్రక్కు దిగి, తలుపు తీయకుండా ఫోన్ తీసింది.

"దించేవాళ్ళు రాలేదండీ. మీరు రాగలరా?"

అమ్మ నోరు తెరిచింది. ఆ ఇద్దరిలో మీసాలాయన ముందుకొచ్చాడు. "ఎవరమ్మా రానిది?"

"మీరే. కాసేపు ఆగండి."

అయిదు నిమిషాల్లో బైక్ వచ్చి ఆగింది. లోడింగ్ మనిషి దిగి చుట్టూ చూశాడు. "వాళ్ళు రాలేదన్నారు?"

"మేం ఎప్పుడో వచ్చాం తమ్ముడూ. ఈ అమ్మాయే దించొద్దంటోంది" అన్నాడు మీసాలాయన.

ఆమెకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. లోడింగ్ మనిషి మొహం మాత్రం చేటంత అయింది.

"నవ్వింది చాల్లే బాబూ" అంది అమ్మ. "మాకు ముప్పావు గంట పట్టిన దారి. నువ్వు అయిదు నిమిషాల్లో ఎలా ఊడిపడ్డావు?"

నవ్వు ఆగిపోయింది. హెల్మెట్‌ను చేతుల్లో అటూ ఇటూ తిప్పాడు.

"మీ వెనకాలే వచ్చానండీ. తాళ్ళు వదులవుతాయేమోనని..."

"కట్టింది నువ్వేగా?"

"నేనేనండీ" అని తల గోక్కుని, ఆమె వైపు తిరిగాడు. "వీధి మొగలో నిలబడి, ఏం వంక చెప్పి రావాలా అని బుర్ర బద్దలు కొట్టుకుంటున్నాను. ఇంతలో మీ ఫోన్. రేపు రావాలంటే ఏం చెప్పమంటారు?"

"ఏమీ చెప్పొద్దు. రండి, చాలు" అంది ఆమె, అతని కళ్ళలోకి సూటిగా చూస్తూ.

సన్నగా చినుకులు మొదలయ్యాయి. ఎవరూ కదల్లేదు.

"అమ్మా, ఇప్పుడైనా దించమంటారా?" అన్నాడు మీసాలాయన, దీనంగా.

"దించండి నాయనా" అంది అమ్మ. ఆపైన లోడింగ్ మనిషి వైపు తిరిగి, "నువ్వు భోజనానికి ఉండు బాబూ. మీ ఇంట్లో ఎవరెవరుంటారో తింటూ చెబుదువుగాని" అంది.